మంచి బండికి తుప్పు పట్టించాను

నేను బహ్రెయిన్‌లో కార్లకు పెయింటు కొట్టి బతికాను. మాది కోరుట్ల పక్కన ఊరు. మా ఊరివాళ్ళకు నేను ఇప్పటికీ దుబాయి నర్సయ్యనే. బహ్రెయిన్ వేరే దేశమని వాళ్ళకు చెప్పడం మానేసి చాలా కాలమైంది. మీనా సల్మాన్‌లో ఒకే వర్క్‌షాపులో పనిచేసి, పోయిన చలికాలం మానేశాను. ఇప్పుడు జుఫైర్‌లో మా అమ్మాయి సుజాత ఫ్లాట్‌లో ఉంటున్నాను. తను ఇక్కడే ఆస్పత్రిలో నర్సు.

ఖాళీగా ఉండలేక బాల్కనీలో నిలబడి కింద పార్కింగులో ఉన్న కార్లను చూస్తుంటాను. ఏ తలుపుకు మళ్ళీ పెయింటు పడిందో, ఏ బంపరు రంగు కలవలేదో పైకే చెప్తుంటాను. సుజాతకు విసుగొచ్చింది.

"బాపూ, ఆ కార్లోళ్ళకు ఇనపడ్తే కొట్లాటకొస్తరు. గా ముచ్చట్లన్ని కాయితం మీద పెట్టరాదు? కొత్తగొచ్చే పోరగాళ్ళకన్న పనికొస్తయి."

అందుకని రాస్తున్నాను. వీసాల సంగతీ, ఎవరు ఎప్పుడు ఫోర్‌మన్ అయ్యారన్న సంగతీ రాయను. అవి ఏ లేబర్ క్యాంపులోకి వెళ్ళినా వినొచ్చు. పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పి, చివర్లో నా చేతికి వచ్చిన ఒక వింత పని గురించి చెప్తాను.

కన్ను మోసపోతుంది

నాకు పని నేర్పింది యూసుఫ్ భాయ్. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. మా వర్క్‌షాపులో డెంటర్. సొట్టలు తీసి రేకును సాపు చేయడం ఆయన పని. ఆ తర్వాత పుట్టీ, ప్రైమర్, పెయింటు నా పని. నేను చేరిన కొత్తలో రేకును కళ్ళతో చూసి "అయిపోయింది" అనేవాణ్ణి. ఆయన నా కళ్ళమీద తన అరచెయ్యి పెట్టేవాడు.

"కండ్లు మూస్కో నర్సయ్యా. బట్ట ఏసి, బట్ట మీదికెల్లి చెయ్యి తిప్పు. ఏడ ఆగుతదో ఆడ ఇంకా పనుంది."

నిజంగానే కంటికి కనిపించని గుంట చేతికి తెలిసేది. పెయింటు మెరుపుకు కన్ను మోసపోతుంది. చేతికి మెరుపుతో సంబంధం లేదు.

రంగు విషయంలో ఒక దెబ్బ తిన్నాను. ఒకాయన తెల్ల కారు తలుపు కొట్టడానికి ఇచ్చాడు. డబ్బా మీది రంగు నంబరు, కారు మీది రంగు నంబరు ఒకటే. ధైర్యంగా కొట్టేశాను. బయటికి తీసి ఎండలో నిలబెడితే కారంతా పాలు కలిపిన చాయ్‌లా ఉంది, నా తలుపు ఒక్కటే కొత్త చొక్కాలా ఉంది. ఇక్కడి ఎండ ఏ తెలుపునూ తెలుపుగా ఉండనివ్వదు. ఆ కారు ఫ్యాక్టరీలో ఎలా పుట్టిందన్నది నాకు అనవసరం. ఇప్పుడు నా ముందు ఎలా నిలబడిందో దానికి కలపాలి. అప్పటినుంచి డబ్బాను నమ్మలేదు. చిన్న ముక్క మీద కొట్టి, ఎండలో పెట్టి, కారు పక్కన చూసి, అప్పుడు స్ప్రే గన్ను పట్టేవాణ్ణి.

ఇక తుప్పు. ఉప్పుగాలి దేశం కదా, మా సగం పని అదే. తుప్పు మీద పెయింటు కొట్టకండి. ఎవరు చెప్పినా కొట్టకండి. ఒకప్పుడు మాకొక మేనేజరు ఉండేవాడు. "పైన కొట్టెయ్, ఎవరికి తెలుస్తుంది" అనేవాడు. కొన్ని నెలలకే పెయింటు పొక్కులు లేచేది. కారు ఓనరు తిట్టడానికి వచ్చేది మేనేజరు దగ్గరికి కాదు, నా దగ్గరికి. ఆ తర్వాత వచ్చిన మా కఫీల్, అంటే మా వీసాల యజమాని, అబూ ఖాలిద్ అలా కాదు. తొందరపెట్టే కస్టమరు వస్తే కూర్చోబెట్టి గావా, అదే అరబ్బీ కాఫీ, పోసేవాడు, ఖర్జూరం పెట్టేవాడు, కారు మాత్రం పని పూర్తయ్యాకే ఇచ్చేవాడు. అలాంటి యజమాని దొరికితే వదులుకోవద్దు.

మాస్కు పెట్టుకోండి. ఎండాకాలం ఊపిరాడదని తీసేస్తారు. తీయకండి. ఇది చెప్పినప్పుడు నవ్విన నా జతగాళ్ళు కొందరు ఇప్పుడు మెట్లెక్కలేకపోతున్నారు.

హసన్ తెచ్చిన పని

నేను మానేసే ఏడాది, ఎండలు ఇంకా తగ్గకముందు, హసన్ అని, మనామా పక్కన జిదాఫ్స్ ఊరి మనిషి ఒకడు వర్క్‌షాపుకు వచ్చాడు. నలభై దాటి ఉంటాడు. లావుగా, నవ్వు ముఖంతో ఉన్నాడు. తెల్లటి డెలివరీ ట్రక్కు ఒకటి నడుపుకుంటూ వచ్చాడు. పాతదే గానీ ఎక్కడా మచ్చ లేదు. వాళ్ళ నాన్న కొట్లో పనిచేసిన మనవాళ్ళ దగ్గర నేర్చుకున్నాడట, హిందీ బాగా మాట్లాడతాడు.

"దీనికి తుప్పు పట్టించాలి," అన్నాడు.

భాష తడబడిందేమో అనుకున్నాం. యూసుఫ్ భాయ్ మర్యాదగా సర్దాడు. "తుప్పు తీయాలా, సాబ్?"

"కాదు భాయ్. పట్టించాలి. నిండా."

అప్పుడు కూర్చొని సంగతంతా చెప్పాడు. అతని చిన్నప్పుడు మనామా దుకాణాల్లోకి ఒక రకం బొమ్మ బండ్లు వచ్చాయట. డబ్బా మీద వాటి కథ ఉండేది. లోకం అయిపోయింది, రోడ్లు లేవు, ఊళ్ళు లేవు. మిగిలిన కొద్దిమంది దొరికిన రేకు ముక్కలూ పైపులూ కట్టుకొని బండ్లు చేసుకొని నీళ్ళు వెతుక్కుంటూ బయల్దేరతారు. ఒక్కో బండికి ఒక్కో పని. అంబులెన్సు, రొట్టెల బండి, నీళ్ళ బండి. అన్నీ పగిలినట్టు, అతుకులు వేసినట్టు ఉండేవి. తల్లులు చూసి, "విరిగిపోయినదాన్ని ఎవరైనా కొంటారా?" అనేవారట. అందుకే కాబోలు, ఎక్కువ కాలం అమ్ముడుపోలేదు. వచ్చినంత త్వరగా మాయమయ్యాయి. జిదాఫ్స్ పిల్లలు వాటిని 'ఖర్బాన్' అనేవారు. అరబ్బీలో చెడిపోయినది అని.

"అంత ఇష్టమా అవంటే?" అని అడిగాను.

"మిగతా కార్లకు గీత పడితే అమ్మ తిట్టేది, నర్సూ భాయ్. వీటికి ఎన్ని గీతలు పడితే అంత బాగుండేవి. భయం లేకుండా ఆడుకున్నవి అవొక్కటే."

అతనిది నీళ్ళ బండి. ముదురు గోధుమరంగు, ఒళ్ళంతా తుప్పు, ఆరు చక్రాలు, పట్టుకుంటే ఇనుములా బరువు. అలా వర్ణించాడు. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయిందట. ఇప్పుడు అతను బ్యాంకు ఉద్యోగం వదిలేశాడు. ఈ ట్రక్కులో కరక్ చాయ్, చపాతీ రోల్స్ అమ్మాలని, బండి పేరు 'ఖర్బాన్' అని పెట్టాలని అతని కోరిక. భార్య ఒక్క ఏడాది గడువిచ్చింది. నడిస్తే సరి, లేకపోతే తిరిగి టై కట్టుకోవాలి.

అబూ ఖాలిద్ నా వైపు చూశాడు. "నర్సయ్యా, చేస్తావా?"

జీవితమంతా తుప్పును గీకినవాణ్ణి. ఇదెంత పని అనుకున్నాను. సరేనన్నాను.

హల్వా

ముందు ఒక పాత తలుపు మీద కొట్టి చూపించాను. గోధుమరంగు, దానిమీద ఎరుపు, పైన మెరుపుకు ల్యాకర్ పూత. రెండు రోజులు శ్రద్ధగా చేశాను. హసన్ వచ్చి తలుపు ముందు నిలబడ్డాడు. తల పక్కకు వంచి చూశాడు. మంచి మనిషి, బాధపెట్టడం ఇష్టం లేదు.

"నర్సూ భాయ్, ఇది తుప్పు కాదు. హల్వా. ముక్కలు కోసి చుట్టాలకు పెట్టొచ్చు."

ఇక్కడి హల్వా చూసినవాళ్ళకు తెలుస్తుంది. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంటుంది. నా తుప్పు అచ్చం అలాగే ఉంది. యూసుఫ్ భాయ్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"తుప్పును గూడ పెండ్లికి తయారుజేసినవ్ గదనయ్యా!"

నాకు పౌరుషం వచ్చింది. తుప్పంటే నాకు తెలుసు కదా, ఎందుకు రాలేదు? ఆలోచిస్తే అర్థమైంది. తుప్పు కనబడగానే సాండ్ పేపరు పట్టుకోవడమే తప్ప దాన్ని ఒక్కసారీ నిలబడి చూడలేదు.

ఆ శుక్రవారం యూసుఫ్ భాయ్‌ను వెంటేసుకొని రేవు పక్క దారుల్లో తిరిగాను. పాత కంటైనర్లు, లంగరు గొలుసులు, కంచెలు, ఎవరూ పట్టించుకోని గేట్లు. ఒక్కోదాని ముందు కూర్చొని చూశాను. తుప్పు ఇష్టమొచ్చిన చోట పుట్టదు. నీళ్ళు నిలిచే చోట పుడుతుంది. అతుకు కింద, స్క్రూ చుట్టూ, అంచు మడతలో. అక్కణ్ణుంచి కన్నీటి చారలా కిందికి జారుతుంది. మధ్యలో నల్లగా ఉంటుంది, చుట్టూ గోధుమ, అంచున నారింజ. ఎక్కడా మెరవదు.

"ఇన్నేండ్లు దీంతోని కొట్లాడినం గని, దీని మొకం ఇయ్యాల్నే చూస్తున్న భాయ్," అన్నాను.

"చూడు, చూడు. జల్ది చూడు. ఎండ మాడు పగలగొడ్తుంది," అన్నాడాయన, నెత్తిమీద రుమాలు సర్దుకుంటూ.

మళ్ళీ మొదలుపెట్టాను. పుట్టీలో సన్నటి ఇసుక కలిపి గరుకు తెచ్చాను. గన్ను పక్కన పెట్టి స్పాంజి ముక్కలతో అద్దాను. పలుచటి రంగును అతుకుల దగ్గర వదిలి తనంతట తాను జారనిచ్చాను. చివర మెరుపు లేని ల్యాకర్ కొట్టాను. ఈసారి హసన్ తలుపు దగ్గరికంటా వచ్చాడు. వేలితో రాసి, వేలిని చూసుకున్నాడు. తర్వాత నన్ను కౌగిలించుకున్నాడు.

ట్రక్కు మొత్తం అలాగే చేశాను. వర్క్‌షాపు ముందు నిలబెడితే దారిన పోయేవాళ్ళు దాని ఫొటోలు తీసుకున్నారు.

కిటికీ చుట్టూ

తినేవి అమ్మే బండికి అనుమతి కావాలి. చూడడానికి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చిన్నవాడే, నెమ్మదైన మనిషి. లోపల అంతా స్టీలు, తెల్లగా తళతళలాడుతోంది. చూసి మెచ్చుకున్నాడు. బయటికి వచ్చి గోడమీద అరచెయ్యి రాశాడు. చెయ్యి శుభ్రంగానే ఉంది.

"పెయింటేనని నాకు తెలిసింది," అన్నాడు హసన్‌తో. "కానీ రేపు నేను ఇక్కడ ఉండను కదా. ఒక తల్లి తన బిడ్డకు రోల్ కొంటూ, కిటికీ చుట్టూ తుప్పు చూస్తే? ఆమెకు ఎవరు చెప్తారు పెయింటని? తినే వస్తువు చేతులు మారే చోట ఇది వద్దు. మార్చండి, మళ్ళీ వస్తాను."

ఆయన వెళ్ళాక మా వర్క్‌షాపు కుర్రవాళ్ళు తిట్టారు. నేను తిట్టలేదు. ఆయన చెప్పింది న్యాయం. మన పనితనం మనకు ముద్దే గానీ, దాన్ని చూసేవాడికి ఆకలి చావకూడదు కదా.

హసన్ మాత్రం ఒక పాత టైరు మీద కూలబడ్డాడు. "సగం శుభ్రం, సగం తుప్పు అంటే ఇక అది ఖర్బాన్ ఎలా అవుతుంది? మామూలు చాయ్ బండి. అలాంటివి ఊరినిండా ఉన్నాయి. ఖలాస్, తెల్ల రంగు కొట్టెయ్. అమ్మేస్తాను."

"ఇయ్యాల ఏం కొట్టం. పో, ఇంటికి పోయి అన్నం తిను," అని యూసుఫ్ భాయ్ తెలుగులోనే చెప్పి పంపించాడు. హసన్‌కు భాష రాకపోయినా అర్థమైంది.

జైనబ్ తెచ్చిన బొమ్మ

రెండు మూడు రోజులకు హసన్ అక్క జైనబ్ తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. ఆమె స్కూల్లో టీచరు. తమ్ముడు మూడు పూటలా అలిగి కూర్చుంటే చూడలేక, అమ్మ సామాను గదంతా తిరగేసిందట. సంచిలోంచి ఒక బొమ్మ తీసి మా బల్లమీద పెట్టింది.

అరచేతిలో పట్టేంత ఉంది. ప్లాస్టిక్కు. నాలుగే చక్రాలు. రంగు ఊదా. వంకాయ ఊదా! తుప్పు అన్నది రెండు నారింజ స్టిక్కర్లు, అవీ వంకరగా అతికించినవి.

హసన్ చూసి, "ఇది నాది కాదు," అన్నాడు.

జైనబ్ దాన్ని వెల్లకిలా తిప్పింది. అడుగున మేకుతో గీకిన అక్షరాలు ఉన్నాయి. అతని పేరే.

ట్రక్కు వైపు చూశాను. అంత పెద్ద బండిని, రేవంతా తిరిగి నేర్చుకున్న తుప్పుతో, ఈ వంకాయ బొమ్మ కోసమా చేసింది అనిపించింది. హసన్ ముఖం చూడలేకపోయాను. ఉద్యోగం వదులుకొని వచ్చినవాడు.

"మరి గోధుమరంగు? నాకు బాగా గుర్తుంది," అన్నాడు చివరికి.

"అది మన సందులో బురద, యా అఖూయ్, నా తమ్ముడూ," అంది జైనబ్. "నువ్వు దీన్ని రోజూ బురదలో ముంచి ఎండబెట్టేవాడివి. అమ్మ కడిగితే ఏడ్చేవాడివి."

"ఆరు చక్రాలు?"

ఆమె వేలుపెట్టి చూపించింది. వెనకవైపు రెండు చిన్న రంధ్రాలున్నాయి. "సోడా మూతలకు తీగ గుచ్చి నువ్వే కట్టావు. నీళ్ళ బరువుకు నాలుగు చక్రాలు చాలవన్నావు. బరువుండాలని లోపల గులకరాళ్ళు పోశావు. అదంతా మర్చిపోయావా?"

హసన్ బొమ్మను తీసుకొని చెవి దగ్గర ఆడించాడు. లోపల రాయి ఒకటి కదిలింది. అప్పుడు నవ్వాడు చూడండి, పొట్ట కదిలేలా, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా. "అయితే దుకాణంలో కొన్నది కొంచెమే! మిగతాదంతా నేనే చేసుకున్నాను!"

నాకు వెంటనే పని కనిపించింది. తుప్పు పట్టిన బండిని చూడండి, మొత్తం ఒకేసారి పోదు. అసలు రంగు ఎత్తైన చోట, నీళ్ళు నిలవని చోట మిగిలే ఉంటుంది. కిటికీ చుట్టూ, పై భాగమంతా ఊదా. ఫ్యాక్టరీది. కిందికి వచ్చేకొద్దీ రంగు పెచ్చులూడి, చక్రాల దగ్గర పూర్తిగా తుప్పు. అది హసన్‌ది. ఇన్‌స్పెక్టరు మాటా దక్కుతుంది, బండీ దక్కుతుంది.

చెప్పాను. జైనబ్ ముఖం చిట్లించింది. "ఊదారంగు బండిలో చాయ్ ఎవరు తాగుతారు?"

"మేము తాగుతాం," అన్నాడు హసన్. ఆ 'మేము' ఎవరో నాకు అప్పుడు తెలియలేదు.

పెచ్చులు ఎలా తేవాలో హసనే ఏదో వీడియోలో చూసి చెప్పాడు. తుప్పు రంగు మీద కొంచెం నీళ్ళు చల్లి, కల్లుప్పు జల్లాలి. ఆరాక మీద ఊదా కొట్టాలి. అది ఎండాక ఉప్పు రాలగొడితే, ఉప్పు ఉన్నచోటల్లా కింది తుప్పు బయటపడుతుంది. నమ్మకం లేకుండానే చేశాను. రాలగొడుతుంటే పెచ్చులు ఎంత సహజంగా వచ్చాయంటే, నేనూ యూసుఫ్ భాయ్ పోటీపడి రాలగొట్టాం. వెనక రెండు ఉత్త చక్రాలు కూడా యూసుఫ్ భాయ్ రేకుతో చేసి బిగించాడు, సోడా మూతల్లా అంచులు ముడతలు పెట్టి. కిటికీ చుట్టూ మాత్రం అద్దంలా ఉంచాను.

ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చాడు. కిటికీ చుట్టూ చేత్తో రాసి, "ఇప్పుడు సరే," అని సంతకం పెట్టాడు.

జిదాఫ్స్‌లో

చల్లబడ్డాక ఒక సాయంత్రం జిదాఫ్స్ మార్కెట్ దగ్గర బండి తెరిచారు. నన్నూ యూసుఫ్ భాయ్‌నూ పిలిచారు. సుజాతను కూడా తీసుకెళ్ళాను. అప్పటికే జనం ఉన్నారు. అందరూ హసన్ ఈడువాళ్ళే. గడ్డాలు నెరిసినవాళ్ళు, పొట్టలు వచ్చినవాళ్ళు. ఒక్కొక్కరూ జేబులోంచో సంచిలోంచో ఒక బొమ్మ తీసి కిటికీ ముందు బల్లమీద పెడుతున్నారు. ఒకరిది అంబులెన్సు, ఒకరిది రొట్టెల బండి. అన్నీ ప్లాస్టిక్కు, అన్నీ ఏవో పిచ్చి రంగులు. "నాది దీనికన్నా పెద్దదిగా ఉండేది," అని ప్రతివాడూ అంటున్నాడు. 'మేము' అంటే వీళ్ళని అప్పుడు తెలిసింది.

సుజాత చాయ్ తాగుతూ, "బాపూ, గీ ముసలి పిల్లలను చూస్తె మస్తు నవ్వొస్తుంది," అంది.

నేను పక్కకు వచ్చి బండి వెనకవైపు నిలబడ్డాను. డ్యూటీ బట్టల్లో ఒక కుర్రవాడు అక్కడ చక్రం దగ్గర వంగి చూస్తున్నాడు. బట్టల మీద ప్రైమర్ మరకలు. మా పనివాడేనని చూడగానే తెలిసింది. నన్ను చూసి, ముఖం పోలిక పట్టాడో ఏమో, తెలుగులోనే అడిగాడు.

"కాకా, బండి మీదేనా?"

"మావోళ్ళదే. ఏమైంది?"

"నేను పెయింటర్ను కాకా, మాది జగిత్యాల. ఎవడు కొట్టిండో గని, తుప్పు తియ్యకుండనే మీద పెయింటు కొట్టిండు. సూడు, ఎట్ల పెచ్చులు లేచిందో. పని రానోడు. గిట్లనే ఇడిస్తే వచ్చే ఎండకాలం దాక గూడ ఆగది. మా గ్యారేజికి తెమ్మను, గీకి మంచిగ చేస్త."

జీవితంలో నా పనిని చాలామంది మెచ్చుకున్నారు. అంత గొప్పగా మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు. నవ్వు ఆపుకోవడానికి దగ్గాల్సి వచ్చింది.

"ఒక్కపారి కొట్టి సూడు, ఎంత లోపలికి తిన్నదో," అన్నాను.

వేలి కణుపుతో కొట్టాడు. తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. ఇది ఖంగుమంది. మళ్ళీ కొట్టాడు. గోరుతో గీకాడు. గోరు చూసుకున్నాడు. తలెత్తి నా ముఖం చూశాడు, తర్వాత నా చేతులు చూశాడు. ఎన్నిసార్లు కడిగినా గోళ్ళ మూలల్లో మిగిలే రంగు మా వాళ్ళు వెంటనే పట్టేస్తారు.

"నువ్వే కొట్టినవా కాకా?"

"నేనే. పని రానోన్ని."

నాలుక కరుచుకున్నాడు. తర్వాత చక్రం పక్కన నేలమీదే గొంతుకూర్చుని, అతుకు కింద జారిన చారను దగ్గరగా చూశాడు.

"ఎట్ల కొట్టినవ్ కాకా? జెర చెప్పరాదు."

మోకాళ్ళు ఒప్పుకోకపోయినా నేనూ అతని పక్కన కూర్చున్నాను. మొదట తుప్పు ఎక్కడ పుడుతుందో చూపించాను. హసన్ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, చాయ్ గ్లాసులు రెండు అక్కడే కింద పెట్టి వెళ్ళాడు. చాయ్ కోసం నిలబడ్డ వరస మా దాకా పెరిగింది. జనం మమ్మల్ని తప్పుకొని నడుస్తున్నారు. మేమిద్దరం లేవలేదు.